కీట్సు గదియు, మా పెరటి గదియు

కవుల యిండ్లను జూడబోవుట నేటి విద్యావంతులకు తీర్థయాత్ర యైనది. తీర్థమునకు బోయినవాడు మూడు మునుగులు మునిగి, పాపము పోయినదని తృప్తిపడి వచ్చును. కవి యింటికి బోయినవాడు నాలుగు గదులు తిరిగి, రెండు కన్నీటిబొట్లు రాల్చి, తాను రసజ్ఞుడనని తృప్తిపడి వచ్చును. మరునాడు చూచినచో ఇద్దరి నడవడియు వెనుకటివలెనే యుండును. నేనును అట్టి యాత్ర చేసి వచ్చినవాడనే. కావున ఈ వ్యాసమున నేను దూషింపబోవువారిలో మొదటివాడను నేనే యని చదువరులు గ్రహింతురు గాక.

గత సంవత్సరము మా యమ్మాయి యింట కొన్నినాళ్లు గడుపుటకై లండను నగరమునకు బోయియుంటిని. ఆ నగరమున కుత్తరపు దిక్కున హాంప్‌స్టెడ్ అను మెరకప్రదేశము కలదు. ఆంగ్లకవి యగు జాన్ కీట్సు నివసించిన యిల్లు అందు నేటికిని నిలిచియున్నది. మా తండ్రిగారు ఉన్నత పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయులు. కీట్సు పద్యములు వారి నోట వినుచు పెరిగినవాడను గనుక, ఆ యిల్లు చూడవలెనని నాకు బాల్యమునుండియు కోరిక యుండెను.

1814, 1816 సంవత్సరముల నడుమ డిల్కు, బ్రౌను అను ఇరువురు మిత్రులు కట్టించుకొన్న జంట యిల్లది. ఈ బ్రౌను మన వేమన పద్యములను వెలికి దెచ్చిన బ్రౌను కాడు, వేరొకడు. వెలుపలినుండి చూచువారికి ఒక్కటే మేడవలె గనబడును గాని, లోపల నడిమిగోడతో రెండు కాపురములుగా విభజింపబడి యుండెను. 1818 డిసెంబరులో తమ్ముని కోల్పోయిన కీట్సు, బ్రౌను భాగమున అద్దెకు జేరెను. మరుసటి యేట రెండవ భాగమునకు బ్రాన్ అను వితంతువు మువ్వురు బిడ్డలతో వచ్చి చేరెను. ఆ బిడ్డలలో పెద్దదియే కవి ప్రేమించిన ఫానీ. కవి ఆ యింట నివసించినది రెండేండ్లకు లోపు కాలమే. పిమ్మట ఇల్లు చేతులు మారినది. నడిమిగోడకు దారి పడి రెండిండ్లును ఒకటైనవి. 1920 ప్రాంతమున దానిని పడగొట్టి క్రొత్త కట్టడములు లేపుదురను స్థితి రాగా, ఇంగ్లండునందును అమెరికాయందును గల చదువరులు చందాలెత్తి దానిని కొని, 1925 మే 9వ తేదీన ప్రజలకొరకు తెరచిరి. ఇది మిక్కిలి మంచిపని. పుస్తకమును ప్రేమించినవారు గోడలను గూడ కాపాడగలరని అది లోకమునకు జూపినది. నా విరోధము ఆ యింటితో గాని, దానిని కాపాడుచున్నవారితో గాని కాదు. మన చూపుతో.

తోటలోనికి తెరచుకొను కూర్చుండు గదిని జూచితిని. కవి ఫానీ కిచ్చిన ఎఱ్ఱరాతి యుంగరమును జూచితిని. మేడమీది పడకగదిని జూచితిని. 1820 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి కీట్సు నగరమునుండి బండి పై భాగమున గూర్చుండి వచ్చెను. లోపలి చోటుకంటె పై చోటు చౌక. గడ్డకట్టు చలి. ఇల్లు చేరి పడక యెక్కునప్పుడు దగ్గు వచ్చి, దుప్పటిమీద ఒక బొట్టు రక్తము పడెను. దీపము దెప్పించుకొని ఆ రంగును పరీక్షించి, అది ధమనులనుండి వచ్చు రక్తమనియు, తన కది మరణాజ్ఞ యనియు మిత్రునితో నెమ్మదిగా జెప్పెను. అతడు గైస్ వైద్యశాలలో చదివి, 1816లో ఔషధవృత్తి పరీక్షయందు గెలిచినవాడు. తల్లికిని తమ్మునికిని ఇదే రోగమున పరిచర్య చేసినవాడు. అతనికి ఎవ్వరును చెప్పనక్కరలేకపోయెను.

ఆ గదిలో నిలుచున్నవారి కన్నులు చెమర్చినవి. నా కన్నులును చెమర్చినవి. అప్పుడు మాతో వచ్చిన ఒక తెలుగు యువకుడు నా ప్రక్కకు జేరి, “ఈ జబ్బే లేకపోతే ఆ కవిత్వం ఎక్కడిది, బాబాయిగారూ? ఎంత అందమైన చావు!” అనెను. ఆ మాట ముల్లువలె నన్ను గ్రుచ్చినది. అతనిని నిందింపను. ఆ మాట అతనికి నేర్పినది మనమే. నూరేండ్లుగా మన తరగతి గదులలో, మన పీఠికలలో, మన సభలలో చెప్పుచున్న మాటయే అతడు మరల మనకు వినిపించినాడు. కావున ఆ మాటనే పట్టుకొని విచారింతము.

రోగము కవిత్వమును దెచ్చినదా? తేదీలు చూడుడు. నైటింగేల్ పక్షిని గూర్చినదియు, గ్రీకు కలశమును గూర్చినదియు, విషాదమును గూర్చినదియు నగు కావ్యములు 1819 వసంతమున పుట్టినవి. శరదృతువును గూర్చినది అదే యేడు సెప్టెంబరులో వించెస్టరు పట్టణమున పుట్టినది. రక్తము పడినది 1820 ఫిబ్రవరిలో. ఆనాటినుండి 1821 ఫిబ్రవరి 23వ తేదీన రోము నగరమున కన్నుమూయుదాక, అనగా ఒక సంవత్సరముపైగా కాలమున, అతడు వ్రాసిన క్రొత్త కవిత్వము దాదాపు శూన్యము. రోగము కవిత్వమునకు తల్లియైనచో, రోగము ముదిరిన కొలది కవిత్వము పెరుగవలదా? అప్పటికే రోగము లోపల దాగియుండవచ్చు నందురేమో. ఉండవచ్చును. అతడు రోగ మున్నను వ్రాసెను గాని, రోగముచేత వ్రాయలేదు. నైటింగేల్ కావ్యముయొక్క వ్రాతప్రతి కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలలో నున్నది. అందు కొట్టివేతలు కలవు, దిద్దుబాట్లు కలవు. అవి ఒక పనివాని చేతి గుర్తులు. క్షయక్రిమి ఏ పద్యమును దిద్దదు.

పత్రికలవారి దుర్విమర్శ అతనిని చంపినదను రెండవ కట్టుకథ యొకటి కలదు. 1818లో రెండు పెద్ద పత్రికలు అతని కావ్యమును హేళన చేసిన మాట నిజమే. 1821లో షెల్లీ తన శోకకావ్యముచేత ఆ కథకు రెక్కలు గట్టెను. బైరను పరిహాసముగా దానినే వ్యాపింపజేసెను. కాని కీట్సు కళేబరమును కోసి చూచిన వైద్యులకు గనబడినవి పూర్తిగా చెడిపోయిన ఊపిరితిత్తులు. అతని తల్లి 1810లో ఆ రోగముతోనే పోయినది. తమ్ముడు టామ్ 1818లో పందొమ్మిదేండ్లకే ఆ రోగముతోనే పోయినాడు. అమెరికాకు బోయి వర్తకము చేసిన మరియొక తమ్ముడు జార్జి 1841లో ఆ రోగముతోనే పోయినాడు. వీరి కావ్యములను ఏ పత్రిక విమర్శించినది? రోమున వైద్యుడు మంచి మనస్సు గలవాడే యైనను, ఆనాటి శాస్త్రము ననుసరించి, రక్తము గక్కుచున్న రోగికి మరల రక్తము దీసెను. దినమునకు ఒక చిన్న చేపయు రొట్టెముక్కయు మాత్రము పెట్టి ఆకలితో మాడ్చెను. ఇది అందమైన చావు కాదు. ఇరువదియైదేండ్ల యువకుడు ఊపిరాడక, ఆకలిచేత, అజ్ఞానముచేత చచ్చిన చావు.

ఇంత స్పష్టమైన నిజముండగా ఆ కట్టుకథలు మనకేల తియ్యగా నుండవలె? కారణము సులభము. పత్రిక చంపినదన్నచో మనము చేయవలసిన పని లేదు. సౌందర్యము చంపినదన్నచో మరియు లేదు. క్రిమి చంపినదన్నచో మాత్రము పని యున్నది. కిటికీ తెరవవలెను, కడుపునిండ తిండి పెట్టవలెను, మందు మ్రింగింపవలెను, ఇరుగుపొరుగునకు నిజము చెప్పవలెను. కన్నీరు చౌక. ఈ పనులు చౌక కావు.

ఆ యింటిని ప్రజలకు తెరచిన 1925వ సంవత్సరముననే మన దేశమున కృష్ణశాస్త్రిగారి కృష్ణపక్షము వెలువడినది. ఆ కవి ఎంతటివాడో తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. ఆయనను నిందించుట నా యుద్దేశము కాదు. ఆయన వెనుక నడచిన గుంపును గూర్చియే నా మాట. వారిలో పెక్కురు ఆంగ్లకవుల శ్రమను గ్రహింపక నీరసమును గ్రహించిరి. దిద్దుబాటును నేర్వక నిట్టూర్పును నేర్చిరి. పాలిపోయిన చెక్కిలి, దగ్గుతోడి యువకుడు, ఆకురాలినట్లు రాలిపోవు నాయిక—ఇవి పద్యములనుండి కథలకును, కథలనుండి చలనచిత్రములకును ఎక్కినవి. తెరమీది క్షయరోగిని జూచి ఊరంతయు ఏడ్చినది. ఏడ్చి ఇంటికి వచ్చి, తమ ఇంటి క్షయరోగి గది తలుపు మూసినది.

ఊరకయే యనుట లేదు. మా యింటి సంగతి చెప్పుచున్నాను.

మాది గోదావరి తీరపు గ్రామము. నాకు పదునొకండేండ్ల ప్రాయమున, అనగా 1963లో, మా చిన్నమేనత్తను అత్తవారు పుట్టింటికి పంపివేసిరి. ఆమెకు ఇరువదిమూడేండ్లు. పెరటివైపున, పశువుల కొట్టమున కానుకొని, ఒక గది యుండెడిది. ఆమె కంచము వేరు, చెంబు వేరు, చాప వేరు. ఆ యేటనే మా యక్కకు పెండ్లి సంబంధము చూచుచుండిరి. మగపెండ్లివారు వచ్చు దినమున నాయనమ్మ నన్ను చేరబిలిచి, “ఎవరైనా అడిగితే, అత్త అత్తారింట్లోనే ఉందని చెప్పు నాయనా” అనెను. వచ్చినవారిలో ఒక పెద్దామె నన్నే అడిగెను. నే నట్లే చెప్పితిని. ఆ క్షణముననే పెరటినుండి దగ్గు వినవచ్చినది. “మా పాలేరు” అని నాయనమ్మ సర్దెను. గదిలోని మనిషికి ఆ రెండు మాటలును వినబడియే యుండును. ఆ పిమ్మట అతిథులు వచ్చినప్పుడెల్ల ఆమె నోట గుడ్డ గ్రుక్కుకొని దగ్గెడిది.

అప్పటికి మందు లేకపోలేదు. ఇది చదువరులు మరువరాదు. కీట్సునకు మందు లేదు. మా యత్తకు ఉన్నది. మా తండ్రిగారు పట్టణమునందలి ఆసుపత్రిదాక ఒకసారి పోయిరి. అక్కడి పుస్తకమున రోగి పేరును, ఊరును, ఇంటిపేరును వ్రాయవలెనని తెలిసి, వెనుకకు మరలివచ్చిరి. 1964 వర్షాకాలమున ఆమె పోయినది. మంచమును చాపను కాల్చివేసిరి. గదికి రెండు పూతల సున్నము కొట్టించిరి. గోడమీద ఆమె చిత్రపటము లేదు. మా తండ్రిగారు ఆ యేడును తరగతిలో కీట్సు మరణవృత్తాంతము చెప్పిరి. ఎప్పటివలెనే ఆయన గొంతు గద్గదమైనదని ఆయన శిష్యులే నాతో చెప్పిరి. ఆయన క్రూరుడు కాడు. చెల్లెలికై రాత్రులు ఏడ్చినవాడే. కాని ఏడ్చుట యొకటి, పేరు వ్రాయించుట యొకటి. మనకు మొదటిదానిని నేర్పిన చదువు రెండవదానిని నేర్పలేదు.

హాంప్‌స్టెడ్ నందు ఆ పడకగది ముందర నాకు జ్ఞాపకము వచ్చినది ఆ పెరటి గది. అప్పుడు ఆ యింటి చరిత్రలో నేనంతవరకు లక్ష్యపెట్టని మనుష్య యొకతె నా కంటబడినది. బ్రౌను ప్రతి వేసవియందును తన భాగమును ఇతరుల కద్దెకిచ్చి తాను దేశాటనమునకు బోవువాడు. 1820 వేసవియందును అట్లే చేసెను. రోగియైన కవి మూట గట్టుకొని వేరొక పేటకు బోవలసివచ్చెను. మరల రక్తము పడెను, ఒక మిత్రుని యింట కొన్నినాళ్లు తలదాచుకొనెను, అక్కడను నిలువలేకపోయెను. ఆగస్టులో అతడు మరల ఈ యింటి వాకిట నిలిచినప్పుడు తలుపు తెరచి లోనికి దీసికొన్నది ఫానీ తల్లి. ఆమె భర్తయును క్షయతోనే పోయినవాడు. ఇంట పెండ్లి కావలసిన కూతురున్నది. ఆ కూతురికిని రోగికిని గల అనురాగము ఊరికి తెలిసినదే. లోకము ఏమనునో ఆమె యెరుగనిది కాదు. అయినను నెలదినములు తన యింట నుంచుకొని ఉపచారము చేసి, సెప్టెంబరులో ఇటలీకి సాగనంపెను. ఆ యింట పుట్టిన కావ్యములకు నేను నమస్కరింతును. ఆ వాకిట తెరచిన తలుపునకు అంతకంటె మిన్నగా నమస్కరింతును. యాత్రికులలో ఆ తలుపునొద్ద కన్నీరు పెట్టినవాని నొక్కనిని నేను జూడలేదు.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆ కాలపు ఆంగ్లవైద్యులలో పెక్కురు క్షయ అంటురోగమని నమ్మలేదు. కావున ఆమె ధైర్యమును మిక్కిలిగా పొగడుట తగదని యెవరైన ననవచ్చును. ఇటలీలో నమ్మిరి, అందుచేత కీట్సు పోయిన వెనుక రోమునందలి అతని గదిలోని సామానులను చట్టము ననుసరించి కాల్చి, గోడలను గీకించిరి. 1909 నుండి స్మారకమందిరముగా నున్న ఆ యింట నేడు మనము చూచు మంచము అతడు పడుకొన్న మంచము కాదు. మా నాయనమ్మ చాపను కాల్పించిన పనియు ఆ జాతిదే. అంటురోగమునకు భయపడుట తప్పు కాదు. భయము తొలగించు జ్ఞానము వచ్చిన పిమ్మటను భయమునే పట్టుకొని వ్రేలాడుట తప్పు.

ఆ జ్ఞానము వచ్చినది. 1882లో కోఖు క్షయక్రిమిని కనుగొని ప్రకటించెను. 1943లో స్ట్రెప్టోమైసిను దొరికినది. మన మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమున 1915 మొదలు క్షయరోగులకు శుశ్రూష జరిగినది. అన్నిటికంటె మన గృహస్థులు తెలిసికొనవలసిన సంగతి మదరాసునందు తేలినది. అక్కడ 1956లో ప్రారంభమైన పరిశోధనాలయమువారు, ఇరుకు కొంపలలో కాపురముండు పేదరోగులను రెండు తెగలుగా జేసి, ఒక తెగకు ఆరోగ్యశాలలోను, రెండవ తెగకు వారి వారి యిండ్లలోను మందిచ్చి చూచిరి. గుణము రెండు తెగలకును దాదాపు సమానమని 1959లో ప్రకటించిరి. మందు పుచ్చుకొనుచున్న రోగి ఇంటనే యున్నందువలన ఇంటివారికి అధికమైన యపాయము లేదని గూడ తేల్చిరి. అనగా, మా యత్తను పెరటి గదిలో మూసిపెట్టుటకు నాలుగేండ్ల ముందే, ఆమెను నడవలో గూర్చుండబెట్టి మందియ్యవచ్చునని మన చెంతనున్న పట్టణమే లోకమునకు చాటియుండెను. 1962లో జిల్లాలవారీగా క్షయనివారణ కార్యక్రమమును ఆరంభమైనది. మాకు లేకపోయినది మందు కాదు, నోరు.

“కాలము మారినది, ఇప్పు డెవరు దాచుచున్నారు?” అని యడుగువారు కలరు. మారినది, నిజమే. సామాన్యమైన క్షయ నేడు ఆరు మాసముల మందుతో కుదురును. మందు మొదలిడిన కొలది వారములలోనే అంటించు శక్తి మిక్కిలి తగ్గును. ప్రభుత్వపు వైద్యశాలలలో మందు ఉచితము. 2018లో ఆరంభమైన నిక్షయ పోషణ యోజన క్రింద రోగి ఆహారమునకై నెలకు 500 రూపాయలిచ్చుచుండి, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేసిరి. ఇంత జరిగినను ప్రపంచమున ఏటేట క్రొత్తగా క్షయ పట్టువారిలో సుమారు నాల్గవవంతు మన దేశమువారే. దాచుట లేదని నమ్మువారిని ఒక్కటి అడిగెదను. పెండ్లిచూపులలో పిల్లకు చక్కెరవ్యాధి లేదని చెప్పునంత సులభముగా, “రెండేండ్లక్రింద క్షయ వచ్చినది, మందు వాడి కుదిరినది” అని చెప్పు తల్లిదండ్రుల నెందరిని మీరు చూచితిరి?

నా మాట చాలనిచో ఈ వ్యాసమునే సాక్ష్యముగా గైకొనుడు. ఇందు కీట్సు పేరున్నది; అతని తల్లి, తమ్ములు చచ్చిన రోగము పేరున్నది; మా యత్త పేరు లేదు. వ్రాయవలెననియే కూర్చుంటిని. మా యింట పెండ్లి కెదిగిన పిల్ల లున్నారు. “అరవయ్యేళ్ల నాటి సంగతి ఇప్పుడెందుకు, తాతయ్యా?” అని వారి పెద్దలు కాదు, వారే బ్రతిమాలిరి. చదువుకొన్నవారు, అందొకతె వైద్యవిద్యార్థిని. నేను లోబడితిని. కాలము మారలేదని నేను వాదింపను. మారినంత మారలేదని మాత్రము నా కలమే ఒప్పుకొనుచున్నది.

కావున నా మనవి యిది. కవి యిండ్లను చూడబోవుడు. మాన్పించుట నా కోరిక కాదు. మన కవుల యిండ్లను గూడ అట్లే కాపాడుకొనుడు. కాని అందు అందమైన చావును వెదకకుడు. దిద్దిన వ్రాతప్రతిని వెదకుడు. అద్దె యెంతయో, బండిపైన కూర్చున్న దెందుకో, వేసవిలో వెళ్లగొట్టిన దెవరో, తలుపు తెరచిన దెవరో అడుగుడు. ఉపాధ్యాయులారా, కీట్సు మరణమును చెప్పునాడు క్షయక్రిమిని గూర్చియు, ఆరు మాసముల మందును గూర్చియు ఆ పాఠముననే చెప్పుడు, గద్గదకంఠము సరిపోదు. గృహస్థులారా, రెండు వారములు దగ్గు విడువనివాని నెవ్వనినైన మీ యింట నెరిగియున్నచో, రేపుదయమున కఫపరీక్షకు దీసికొనిపోయి, అతని పేరును, ఊరును, ఇంటిపేరును గట్టిగా జెప్పి వ్రాయింపుడు.

మా పెరటి గదిలో నేడు ధాన్యపు బస్తాలున్నవి. ఈ సంక్రాంతికి బోయినప్పుడు వానిని తీయించి, కిటికీ పెట్టించి, మా యత్త చిత్రపటమును పేరుతో సహా అందు వ్రేలాడదీయవలెనని యున్నది. ఇంట ఒప్పింపగలుగుదునో లేదో చెప్పజాలను. ఒప్పింపలేకపోయినచో, హాంప్‌స్టెడ్ నందు నేను రాల్చిన కన్నీటికి విలువ లేదని చదువరులే తీర్పు చెప్పవచ్చును.